చెప్పులేసుకొమ్మన్న మెకానిక్

బతుకంతా టీవీలు బాగుచేసి ఇల్లు నడిపినవాణ్ణి. అన్నేళ్లలో ఒక్క ఆసిలోస్కోపు కొనలేదు. బాగుచేయమని టీవీలు తెచ్చేవాళ్లు లేకుండా పోయాక కొనడం మొదలుపెట్టాను. ఒక్కదానితో ఆగినా సరదా అనుకోవచ్చు. ఇప్పుడు మా నడిమర్రలో మంచం వేసుకునే జాగా లేదు. ఇవన్నీ దేన్ని చూసేందుకని ఎవరన్నా అడిగితే నిజం చెప్పడానికి సిగ్గేస్తుంది. సిగ్నల్ జనరేటర్ సరిగ్గా ఉందా అని చూసేందుకు స్కోపు. స్కోపు సరిగ్గా ఉందా అని చూసేందుకు సిగ్నల్ జనరేటర్. రెండింటికీ పవర్ సప్లై సరిగ్గా అందుతోందా అని చూసేందుకు మీటరు. ఆ మీటరు నిజం చెబుతోందా అని చూసేందుకు ఇంకో మీటరు. బయటి వస్తువు ఒక్కటి కూడా ఈ టేబుల్ ఎక్కదు.

మల్లాపూర్‌లో నేను దుకాణం తెరిచిన రోజుల్లో గల్ఫ్ వెళ్లినవాళ్లు సెలవుల్లో ఇంటికొస్తే చేతిలో రేడియో, క్యాసెట్ కలిసిన టూ-ఇన్-వన్ ఉండాల్సిందే. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల చుట్టుపక్కల ఏ ఊళ్లో చూసినా అదే. సౌదీ నుంచి వచ్చినవి నాకు అన్నం పెట్టాయి. అక్కడ అప్పట్లో కొన్నిచోట్ల కరెంటు 127 వోల్టులు. సెట్టు వెనక వోల్టేజీ సెలక్టర్ 110 మీద ఉండేది. ఆ సంగతి తెలియక ఇక్కడి 230లో పెట్టగానే ట్రాన్స్‌ఫార్మర్ కాలి వాసనొచ్చేది. వాసనతో పాటు ఆ కుటుంబం మొత్తం నా దుకాణానికి వచ్చేది. 1982 ఏషియాడ్‌తో కలర్ టీవీలు మొదలయ్యాయి. 1987లో రామాయణం మొదలయ్యేసరికి ఆదివారం పొద్దున దుకాణం మూసే వీలుండేది కాదు. హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీలు, మద్రాసు నుంచి వచ్చే సాలిడేర్, డయనోరా సెట్లు, వెదురు బొంగులకు కట్టిన యాంటెన్నాలు, బూస్టర్లు... ముత్యంపేట షుగర్ ఫ్యాక్టరీ చెరకు బిల్లులు ఇచ్చిన నెలలో ఊరికి కొత్త టీవీలు దిగేవి. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. నా దుకాణం అంతకు ముందే మూతపడింది. ఎల్‌ఈడీ టీవీకి ప్యానెల్ పోతే కొత్తది కొనుక్కోవడమే, బోర్డు పోతే బోర్డు మార్చడమే. సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే పని ఎవరికీ లేదు.

దుకాణంలో నా సామాను ఒక సూది మీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక సిరీస్ బుగ్గ (బల్బు), నా వేలు. వేలు అంటే వేళాకోళం కాదు. రేడియో మూగబోతే స్క్రూడ్రైవర్ ఇనుము మీద వేలు పెట్టి, దాని మొనను వాల్యూమ్ కంట్రోల్ నడిమి కాలికి తాకిస్తాం. మనిషి ఒళ్లు చుట్టూ ఉన్న కరెంటు తీగల యాభై సైకిళ్ల రొదను యాంటెన్నాలాగా పట్టి లోపలికి పంపుతుంది. స్పీకర్లో బుయ్‌మంటే ఆడియో సెక్షన్ బాగున్నట్టు, లోపం దానికి ముందే ఉన్నట్టు. ఆ రొద నాకు అన్నేళ్లు నమ్మకమైన చుట్టం. నన్ను వెర్రివాణ్ణి చేసింది కూడా అదే. ఆ కథ ముందుంది.

ఆసిలోస్కోపును నేను మొదటిసారి చూసింది హైదరాబాద్‌లో ఒక టీవీ కంపెనీ పెట్టిన ట్రైనింగులో. మీటరు ఎన్ని వోల్టులో చెబుతుంది. ఆ వోల్టులు ఏ ఆకారంలో వస్తున్నాయో స్కోపు చూపిస్తుంది. పచ్చటి గీత ఎడమ నుంచి కుడికి పరుగెత్తుతుంటే, టీవీ లైను సింక్ ఎక్కడ విరిగిందో కళ్లెదుట కనిపించింది. 1897లో జర్మనీలో బ్రౌన్ అనే ఆయన చేసిన గొట్టమే దీనికీ, ఇంట్లో టీవీకీ తాత అని ఆ సార్ చెప్పాడు. ధర అడిగాను. చెప్పింది విని నోరు మూసుకుని, రాత్రి బస్సెక్కి ఊరికి వచ్చేశాను. ఆకలి మాత్రం తగ్గలేదు. కొడుకు దుబాయ్ నుంచి డబ్బు పంపడం మొదలయ్యాక అది లేచి కూర్చుంది.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత తెలిసినవాళ్లకు తెలుసు. నేల మీద పట్టా పరిచి పాత ఫ్యాన్లు, ఫోన్లు, మిక్సీల పక్కన ఒకప్పుడు లక్షల విలువ చేసిన సామాను కుప్ప పోసి అమ్ముతారు. మూతపడిన కాలేజీల ల్యాబులు, ఆఫీసులు వేలం వేసిన డబ్బాలు అక్కడ దొరుకుతాయి. అమ్మేవాడికి అందులో రాగి ఎంత, అల్యూమినియం ఎంత అన్నదే లెక్క. నా ఏవో మీటర్ మోడల్ 8 అక్కడ దొరికిందే. రైల్వేదని చెప్పాడు, నేను నమ్మాను. బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజనీరు డోనాల్డ్ మెకాడీ మూడు మీటర్లు మోయలేక మూడింటినీ ఒకే పెట్టెలో పెట్టిన ఆలోచన అది. 1923లో మొదటిది వచ్చింది, 1951లో మోడల్ 8 వచ్చింది, 2008 వరకు తయారైంది. నల్లటి బరువైన పెట్టె, పైన తోలు పట్టీ, సూది కింద అద్దం. సూదీ, అద్దంలో దాని నీడా ఒక్కటైనప్పుడు చదివితేనే లెక్క సరైనది. ఎక్కువ ఓంలు చూడాలంటే దానికి 15 వోల్టుల బ్యాటరీ కావాలి. అది ఇక్కడ ఏ దుకాణంలోనూ దొరకదు కాబట్టి మూడు వోల్టుల బిళ్ల బ్యాటరీలు ఐదు వరుసగా పేర్చి, సైకిల్ ట్యూబు ముక్కతో చుట్టి పెట్టాను. వోల్టులు చూసేందుకైతే బ్యాటరీయే అక్కర్లేదు.

పాత డబ్బా ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టేవాడు మూర్ఖుడు. ఈ ఒక్క విషయంలో నేను మూర్ఖుణ్ణి కాను. ఏళ్ల తరబడి కరెంటు చూడని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లో ఆక్సైడ్ పొర బలహీనపడి ఉంటుంది. ఒక్కసారిగా 230 తగిలితే వేడెక్కి పగులుతుంది. అందుకే సిరీస్ బుగ్గ. డబ్బాకు వెళ్లే తీగను మధ్యలో తెంచి వంద వాట్ల బుగ్గ కడతాం. లోపల షార్టు ఉంటే బుగ్గ భగ్గున వెలుగుతుంది, డబ్బా బతుకుతుంది. బాగుంటే ఒక్కసారి మెరిసి మందగిస్తుంది. ఇందులో మర్మమంతా ఫిలమెంటుదే. చల్లగా ఉన్నప్పుడు వంద వాట్ల బుగ్గ నిరోధం నలభై ఓంల దగ్గర ఉంటుంది, పూర్తిగా వెలిగితే 529 అవుతుంది. కరెంటు ఎక్కువ లాగితే తనే అడ్డం నిలబడుతుంది. అమెరికాలో విలియం హ్యూలెట్ ఇదే గుణాన్ని వాడుకుని, తన ఆడియో ఆసిలేటర్ సర్క్యూట్‌లో ఒక చిన్న బుగ్గ పెట్టి సిగ్నల్ ఎగుడుదిగుడు లేకుండా నిలబెట్టాడు. 1939లో ప్యాకార్డ్‌తో కలిసి కంపెనీ పెట్టింది ఆ యంత్రంతోనే. ఫాంటాసియా సినిమా కోసం వాల్ట్ డిస్నీ వాళ్లు అలాంటివి ఎనిమిది కొన్నారు. మా దుకాణంలో చెక్కకు కొట్టిన హోల్డర్లో ఉన్నదీ అలాంటి ఫిలమెంటే అని తెలిసిన రోజు కాస్త గర్వం వచ్చింది. ఇప్పుడు ఎల్‌ఈడీ బల్బుల మధ్య ఆ పాత బుగ్గ దొరకడమే కష్టం. మెట్‌పల్లిలో ఒక దుకాణం అటక మీద మిగిలినవన్నీ నేనే కొనేశాను.

సరే, అసలు సంగతి. ఎర్రగడ్డ నుంచి ఒక కాలేజీ స్కోపు తెచ్చాను. 20 మెగాహెర్ట్జ్, రెండు గీతలది. మూత మీద తెల్ల రంగుతో ల్యాబు నంబరు రాసి ఉంది. దుమ్ము దులిపి, స్విచ్చులకు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, సిరీస్ బుగ్గ మీద పెట్టి మెల్లగా లేపాను. గీత వచ్చింది. సన్నగా, తిన్నగా, ముచ్చటగా ఉంది. బ్యాటరీతో నడిచే ట్రాన్సిస్టర్ రేడియో పక్కన పెట్టి దాని ఆడియో చూద్దామని ప్రోబ్ తగిలించాను. గీత వంకరలు పోయింది. ఐదు మిల్లీసెకన్ల గడి మీద పెట్టి చూస్తే నాలుగు గళ్లకు ఒక అల. అంటే ఇరవై మిల్లీసెకన్లకు ఒకటి, సెకనుకు యాభై. నా పాత చుట్టమే.

ఇక్కడ పదో తరగతి పిల్లాడు కూడా ఆగి ఆలోచించాలి. స్కోపు పవర్ సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోతే వచ్చే రొద యాభై కాదు, వంద. నాలుగు డయోడ్ల బ్రిడ్జి రెండు వైపుల అలనూ వాడుకుంటుంది కాబట్టి రెండు గళ్లకే ఒక అల రావాలి. ఈ ముక్క నేను నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లందరికీ చెప్పాను. అయినా నా మనసు వెంటనే ఒక సాకు వెతికి పెట్టింది: బ్రిడ్జిలో ఒక డయోడ్ పోయి ఉంటే సగం అలే వస్తుంది, అప్పుడు యాభై రావచ్చు. నిజమే, రావచ్చు. డయోడ్ తీసి మీటరు పెట్టి చూస్తే క్షణంలో తేలిపోయేది. నేను బ్రిడ్జి మొత్తం మార్చాను. మార్చేటప్పుడు ఐరన్ వేడి ఎక్కువై బోర్డు మీద రాగి గీత లేచిపోయింది. దాని మీద ఎర్ర తీగ ముక్క అతికించాను. ఇప్పటికీ మూత తీస్తే ముందు కనిపించేది అదే.

రొద పోలేదు. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి పోయి కెపాసిటర్లు తెచ్చాను. అన్నీ పీకి అన్నీ కొత్తవి వేశాను. సాయంత్రం ఆన్ చేస్తే గీత నూలుపోగులా నిలబడింది. దుబాయ్‌కి వీడియో కాల్ చేసి కొడుక్కి చూపించాను. "బాపూ, సూపర్" అన్నాడు, వాడికి ఏం కనిపించిందో నాకు తెలియదు. తెల్లారి మళ్లీ రొద. కాసేపు ఉంటుంది, కాసేపు పోతుంది. డ్రై సోల్డర్ అనుకుని బోర్డంతా మళ్లీ సోల్డర్ చేశాను. ఆ రాత్రి పోయింది, పొద్దున వచ్చింది. చలికి ఏదో జాయింటు ముడుచుకుంటోందని ఒక సిద్ధాంతం కూడా తయారుచేసుకున్నాను. మా ఊళ్లో అప్పుడు వడగాలి కొడుతోంది.

స్కోపు మాత్రం మొదటి నుంచీ నిజమే చెబుతోంది. ముందున్న క్యాలిబ్రేటర్ పిన్నుకు ప్రోబ్ పెడితే చదరపు అల గీసినట్టు వచ్చేది, రొద జాడ లేదు. అదొక్కటి చాలు, తప్పు డబ్బా లోపల లేదని తెలియడానికి. ప్రోబ్ మొనకు దాని నల్ల క్లిప్పునే కరిపించి చూడటం అన్నిటికన్నా తేలిక. అప్పుడు కూడా రొద ఉంటే స్కోపుది, లేకపోతే బయటిది. నేనది చేయలేదు. ఎందుకు చేయలేదంటే, చేస్తే మూత తీసే పని ఉండదు. పాత డబ్బాలు కొనేవాళ్లకు ఇది రోగం. లోపం లేదని తేలితే మనసుకు వెలితిగా ఉంటుంది.

నేను నడిమర్రలో ఈ కొట్లాటలో ఉండగా వంటింట్లోంచి మా ఇంటామె అంది: "ఫిరిజ్ గుర్రుమన్నప్పుడే నీ డబ్బా గూడ లొల్లి వెడ్తది జూడు."

రేడియో స్పీకర్లో వచ్చే రొద ఆమెకు వినిపిస్తూనే ఉంది. రెండు రొదలూ కలిసి మొదలై కలిసి ఆగుతున్నాయని ఆమె గమనించింది. నేను వినీ విననట్టు ఊరుకున్నాను. ఫ్రిజ్ మోటారు ఆన్ అయినప్పుడు వోల్టేజీ కొంచెం దిగుతుంది, అదేమీ కాదులే అన్నాను. నాకు తెలిసిన మాట చెప్పి ఆమె నోరు మూయించడం నాకు అలవాటు.

ఆ అలవాటు ఎప్పటిదో చెప్పాలి. మూడు నాలుగేళ్లుగా ఆమె ఒకే మాట అంటోంది: ఫ్రిజ్ డోరు పట్టుకుంటే జివ్వుమంటోందని. నేను పోయి పట్టుకుని చూసేవాణ్ణి. ఏమీ లేదు. "చెప్పులేసుకో" అనేవాణ్ణి. దేవుడి పటాలున్న వంటింట్లో ఆమె చెప్పులు వేసుకోదు. చివరికి ఒక గోనెపట్టా మడిచి ఫ్రిజ్ ముందు వేసుకుంది, దాని మీద నిలబడి డోరు తీసేది. మంచినీళ్ల సీసా కోసం నేను రోజూ ఆ పట్టా దాటి పోయేవాణ్ణి. నాకు ఎందుకు కొట్టలేదంటే, దుకాణం రోజుల నుంచి నాకు రబ్బరు చెప్పులు లేనిదే కాలు కింద పెట్టే అలవాటు లేదు. టీవీ చాసిస్ నేరుగా కరెంటు మీద ఉండేది కాబట్టి చెక్కపీట మీద కూర్చుని, చెప్పులు వేసుకుని, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని పని చేసేవాళ్లం. నన్ను నేను భూమికి దూరంగా ఉంచుకోవడమే నా చదువు. ఆమె తడి గచ్చు మీద వట్టి కాళ్లతో నిలబడేది. ఇంట్లో సరిగ్గా పనిచేస్తున్న మీటరు ఆమె ఒక్కతే. నేను దానికి గోనెపట్టా వేయించాను.

ఆ వారమే సిరిసిల్ల నుంచి నా బామ్మర్ది వచ్చాడు. అక్కడ సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఆసామి. వాడు ఫ్రిజ్ తీసి, చెయ్యి వెనక్కి లాక్కుని, అక్క వైపు చూశాడు. "ఈయనకెన్నిసార్లు జెప్పినా ఇనడాయె" అంది ఆమె. వాడు నన్నే అడిగాడు:

"బావా, ఎర్త్ గుంతల నీళ్లు ఎప్పుడు వోసినవ్?"

"గుంత యాడుందో సుత యాదికి లేదురా."

"మేం ఎండకాలం సాంచాల కాడ రోజు వోస్తం. లేకుంటే ఒక్కడు పని జెయ్యడు."

నాకు కోపమొచ్చింది. ఈ ఇంట్లో వైరింగ్ చేసింది నేను. ఎర్త్ కూడా నేనే వేశాను. అది రుజువు చేద్దామనే ఏవో మీటర్ తీశాను. డిజిటల్ మీటరు ఇలాంటి చోట పనికిరాదు. దాని నిరోధం పది మెగా ఓంలు ఉంటుంది కాబట్టి గాలిలో తేలే దొంగ వోల్టులు కూడా చూపిస్తుంది. ఏవో మీటర్ ఏసీలో వోల్టుకు వెయ్యి ఓంలే. అంటే తను కొంత కరెంటు లాగుతుంది, ఉత్త వోల్టులుంటే సూది లేవదు. ఒక తీగ ఫ్రిజ్ డోరు పిడికి, ఇంకోటి నల్లా కింద తడి మట్టిలో దిగ్గొట్టిన మేకుకు. ఫ్రిజ్ గుర్రుమంది. సూది అరవై దాటి నిలబడింది. అద్దంలో నీడ చూసి మరీ చదివాను. బామ్మర్ది ఏమీ అనలేదు. తీగను ఫ్రిజ్ నుంచి తీసి నడిమర్రలో స్కోపు బాడీకి పెట్టాను. అరవై దాటి నిలబడింది. ఫ్రిజ్ ఆగింది, సూది పడిపోయింది, రేడియోలో రొద కూడా ఆగింది.

విషయం ఇంతే. ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గులన్నిటి ఎర్త్ తీగ ఒక్కటే. అది భూమికి కలిసి ఉంటే ఫ్రిజ్ మోటారులో కారే కరెంటు అటే పోతుంది. భూమితో తెగిపోతే ఆ తీగ ఇంట్లోని ఇనుప డబ్బాలన్నిటినీ ఒకదానికొకటి కలిపే తీగ మాత్రమే అవుతుంది. ఫ్రిజ్‌లో కారింది స్కోపు బాడీకి, వాషింగ్ మెషీన్‌కి, మిక్సీ పక్కనున్న స్టీలు గ్రైండర్‌కి అన్నిటికీ సమానంగా అందుతుంది. రేడియో భూమి తీగను నేను స్కోపు బాడీకి కలిపినప్పుడల్లా ఆ అరవై వోల్టుల రొదను గీత మీద చూస్తున్నాను. నిజంగా ఉన్నదాన్నే ఆ డబ్బా చూపిస్తోంది. దాన్ని అలా చూపించకుండా చేయాలని నేను దాని పేగులన్నీ మార్చాను.

ఆఖరి అనుమానం తీర్చుకునేందుకు ప్లగ్గులన్నీ ఊడదీసి, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య సిరీస్ బుగ్గ పెట్టాం. మంచి ఎర్త్ అయితే బుగ్గ పూర్తిగా వెలగాలి. ఫిలమెంటు ఎర్రబడను కూడా లేదు. ప్లగ్గులు తీయకుండా ఈ పరీక్ష చేస్తే బుగ్గ గుండా ఇంట్లోని ప్రతి ఇనుప వస్తువు మీదికీ 230 ఎక్కుతుందని ఇది చదివి ప్రయత్నించేవాళ్లకు చెప్పి పెడుతున్నాను. ఇది ఎలక్ట్రీషియన్ పని.

గుంత పెరట్లో దొరికింది. ఇల్లు కట్టినప్పుడు ఎనిమిదడుగుల జీఐ పైపు దించి, చుట్టూ వరుసలుగా దొడ్డుప్పు, బొగ్గులు పోసిన మాట నిజమే. అప్పుడు బోళ్లు తోమిన నీళ్లన్నీ అటే పోయేవి, గుంత ఎప్పుడూ తడిగా ఉండేది. తర్వాత వీధిలో సిమెంటు రోడ్డూ మోరీ వచ్చాయి, నీళ్లను మోరీకి మళ్లించాం. బురద పోయిందని మురిసి ఆ జాగా అంతా గచ్చు పోయించాను. గచ్చు పోయించింది నేనే, ఇందులో ఇంకొకరి చెయ్యి లేదు. గడ్డపారతో పగలగొట్టి చూస్తే జీఐ తీగ పైపుకు బిగించిన చోట తుప్పు పొడిగా రాలింది. తీగ చేతిలోకి ఊడొచ్చింది. మన్ను బుక్కపిండిలా పొడిగా ఉంది.

కొత్త పైపు, కొత్త బోల్టు, పైన నీళ్లు పోసేందుకు గొట్టం. మెయిన్ దగ్గర, కరెంటు కారితే సప్లై తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాను. పెట్టి స్విచ్చు వేసి ఫ్రిజ్ ఆన్ కాగానే అది టప్పుమని పడిపోయింది. ఎర్త్ దొరకగానే ఇన్నాళ్లూ ఆమె చేతి గుండా పోయినది ఆ దారి పట్టింది. ఫ్రిజ్ మెకానిక్ వచ్చి కంప్రెసర్ టెర్మినళ్ల దగ్గర మాడిన తీగ మార్చాడు. ఆ పని చేస్తుంటే నేను పక్కన నిలబడి సలహా ఇవ్వబోయాను. మా ఇంటామె నన్ను నడిమర్రలోకి పంపింది.

ఎండకాలంలో గుంతలో నీళ్లు పోసే డ్యూటీ ఇప్పుడు నాది. మరిచిపోతే బామ్మర్ది సిరిసిల్ల నుంచి ఫోన్ చేసి మరీ అడుగుతాడు, వాడికి అదొక సంబరం. గోనెపట్టా ఎక్కడికి పోయిందో తెలియదు. పడేశావా అని అడిగే ధైర్యం నాకు లేదు.

ఇంకోటి మిగిలి ఉంది. స్కోపులోంచి పీకిన పాత కెపాసిటర్లు హార్లిక్స్ సీసాలో ఉన్నాయి. తీరిక దొరికినప్పుడు ఒక్కొక్కటీ మీటరు మీద పెట్టి చూశాను. ఒక్కటీ పోలేదు. అన్నీ తమ మీద రాసిన విలువకు దగ్గరగానే ఉన్నాయి. బ్రిడ్జి డయోడ్లు నాలుగూ బాగున్నాయి. కోఠి దాకా పోయి తెచ్చిన సామాను, దారి ఖర్చులు, కాలిన రాగి గీత, ఏదీ అవసరం లేదన్నమాట. ఇంట్లో మాత్రం "పాతయి కదా, అన్నీ పోయినయి, మార్చినా" అని చెప్పి ఉన్నాను. ఆమె ఇది చదవదు. దుబాయ్‌లో ఉన్నవాడు చదువుతాడు, చదివి ఫోన్లో వాళ్ల అవ్వకు వినిపిస్తాడు. అందుకే ఆ సీసాను ఇవాళ అటక మీదికి మార్చాను.